నాకొకటి, మీకొకటి

అరసవల్లి గుడికి వెళ్ళే దారిలో నాకొక జెరాక్స్ షాపు ఉంది. ఆధార్ కాపీలు తీయడం, దరఖాస్తులు నింపడం, పాస్‌పోర్టు సైజు ఫొటోలు, ఇదీ నా వ్యాపారం. మనిషిని నీలం గుడ్డ ముందు కూర్చోబెట్టి రెండు నిమిషాల్లో ఎనిమిది కాపీలు చేతిలో పెడతాను. ఈ పనిని రోజూ వెటకారం చేసే మనిషి ఒకాయన షాపు వెనక గదిలోనే ఉంటాడు. మా మేనమావయ్య.

ఆయన పెళ్ళి చేసుకోలేదు. అడిగితే తీరిక దొరకలేదంటాడు. తొంభై ఏళ్ళకి దగ్గరపడ్డా తెల్లచొక్కా ఇస్త్రీ లేకుండా వేసుకోడు. మెడలో ఎప్పుడూ ఒక పాత కెమెరా వేలాడుతూ ఉంటుంది. ముందువైపు రెండు కళ్ళుంటాయి దానికి. గుండెల దగ్గర పెట్టుకుని, పైమూత తెరిచి, తల వంచి లోపలికి తొంగి చూడాలి. ఒకప్పుడు పేపర్లకీ వారపత్రికలకీ ఆ కెమెరాతోనే ఫొటోలు పంపేవాడు. తుఫాను వస్తే భావనపాడు వైపు, కరువొస్తే కొండల వైపు, సమ్మె జరిగితే జూట్ మిల్లు గేటు దగ్గరికి, ఏ బస్సు దొరికితే ఆ బస్సెక్కి పోయేవాడు. ఫిల్ము చుట్టని పొట్లం కట్టి సాయంత్రం రైలుకి మద్రాసు పంపేవాడు. వారం తరవాత అది అగ్గిపెట్టంత బొమ్మగా అచ్చయ్యేది, కింద ఆయన పేరుండేది కాదు. అయినా కత్తిరించి పుస్తకంలో అంటించుకునేవాడు.

“ఒసే, మనిషిని నిలబెట్టి, గెడ్డం పైకెత్తించి, నవ్వొద్దని సెప్పి తీస్తే అది ఫొటో కాదే. పోలీసు స్టేషను రికార్డు,” అంటాడు నా గిరాకీల ఎదుటే. నాకు యాభై దాటాయి, అయినా ఆయనకి నేనింకా ‘ఒసే గుంటా’నే.

“నా వాళ్ళకి మొహమైనా ఉంది మావయ్యా. నీ వాళ్ళకి వీపులే,” అంటాను నేను.

ఆ మాట ఊరికే అన్నది కాదు. మా మావయ్య తీసిన వాటిలో నలుగురి నోటా పడ్డ ఫొటో ఒకటే. కోటబొమ్మాళి దగ్గర ఒక పల్లెలో వరి నాట్లు. మావైపు ఉభాలంటాం. అయిదుగురు ఆడవాళ్ళు వరసగా నడుములు వంచి బురదలో నాటుతున్నారు. అయిదు వీపులు, అయిదు కొప్పులు, నీళ్ళలో ఆకాశం. గట్టుమీద ఒక చిన్నపిల్ల గొంతుక్కూర్చుని ఉంటుంది. ఒక్కరి మొహమూ కనబడదు. మావయ్యకి ఆ ఫొటో అంటే ప్రాణం. ఎవరొచ్చినా భూతద్దం చేతికిచ్చి, “సూడు, కొప్పుల వెంట్రుకలు లెక్కెట్టొచ్చు,” అంటాడు. లెక్కపెట్టేదాకా టీ ఇవ్వనివ్వడు.

పోయిన ఏడాది, పట్నంలో పాత ఫొటోలతో ప్రదర్శనలు పెట్టే వాళ్ళెవరో మావయ్య ఫొటోలు కావాలని ఉత్తరం రాశారు. ఆయన మూడు రోజులు నేలమీద నడవలేదు. నాలుగో రోజున ట్రంకు పెట్టె తెరిచి నెగటివ్‌లు నా ముందు పోశాడు. నేను స్కాన్ చెయ్యాలి, ఆయన కింద రాయాల్సిన మాటలు చెప్పాలి. ఉభాల ఫొటోకి కళ్ళు మూసుకుని, “మట్టితో మౌన సంభాషణ,” అన్నాడు.

“వాళ్ళడిగింది అది కాదు. ఫొటోలో ఎవరున్నారు, ఏ ఊరు, ఏ ఏడు?”

మావయ్య దగ్గర డైరీలున్నాయి. ఎండ ఎలా ఉందో రాసుకున్నాడు, కెమెరా కన్ను ఎంత తెరిచాడో రాసుకున్నాడు, ఏ ఊళ్ళో టీ బాగుందో కూడా రాసుకున్నాడు. ఎదురుగా ఉన్న మనుషుల పేరు ఒక్కటి రాసుకోలేదు.

నేను మాత్రం ఊరుకోలేదు. మా షాపుకి కోటబొమ్మాళి నుంచి వచ్చే ఒక గిరాకీ ఉన్నాడు. అతని ఫోన్లోకి ఫొటో పంపి, మీ ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టమన్నాను. రెండు రోజుల్లో ఒక ఫోను వచ్చింది. పెద్దావిడ గొంతు.

“అమ్మా, ఆ ఫొటోల ఎడంపక్క సివర ఉన్నాది మా అమ్మ.”

“మొహం కనబడదు కదమ్మా, ఎలా పోల్చుకున్నారు?”

“గట్టుమీద కూకున్న గుంటని నానే గదా. మా అమ్మ ఏ మూల ఉంటే ఆ మూలే కూకునీదాన్ని.” మళ్ళీ తనే అంది. “ఆవేళ ఆ బాబు ఇంకో ఫొటో కూడా తీసినాడమ్మా. మా అమ్మ పొరుగింటోలి ఎర్రంచు కోక కట్టుకుని, నిలబడి తీయించుకున్నాది. అది గావాల నాకు. ఆ ఏడు వానలు ఎలిసేసరికే మా అమ్మ పోనాది. మరింకో ఫొటో నేదు.”

తప్పకుండా వెతికి పంపుతానన్నాను. మాట ఇవ్వడం నాకూ బాగానే వచ్చు.

ఆ రెండో ఫొటో సంగతి నాకు కొంత తెలుసు. మావయ్య కథల్లో అది తరచూ వచ్చేదే. ఆ రోజుల్లో మావైపు మనుషులకి పని చేస్తుండగా ఫొటో తీస్తే చచ్చేంత సిగ్గు. బురద కాళ్ళతో, చిరుగు కోకతో, నెత్తిన నూనె లేకుండా ఫొటో ఏమిటని మండిపడేవారు. ఒక ఊళ్ళో అయితే కొడవలి పట్టుకుని తరిమారట. ఫొటో అంటే తల దువ్వుకుని, ఉన్నదాంట్లో మంచిది కట్టుకుని, లేకపోతే అరువు తెచ్చుకుని, చేతులు కిందకి పెట్టి సూటిగా నిలబడి తీయించుకోవాల్సింది. మావయ్యకేమో అలా నిలబడ్డ మనిషి అక్కర్లేదు. అందుకని ఒక ఒప్పందం కనిపెట్టాడు. “నాకొకటి, మీకొకటి.” ముందు పనిలో ఉండగా తనకి కావలసింది తీసుకుంటాడు, తరవాత వాళ్ళకి కావలసినట్టు నిలబెట్టి తీస్తాడు, ఆ కాపీ పోస్టులో పంపుతాడు. దీంతో ఏ ఊళ్ళోనైనా పని జరిగిపోయేదట.

సరే, ఆ ఉభాల రోజు ఫిల్ము పెట్టెలోంచి బయటికి తీశాను. చుట్టకి పన్నెండు ఫొటోలు. పన్నెండూ చూశాను. వీపులు, కాలువ, ఎద్దులు, మేఘాలు, మళ్ళీ వీపులు. ఎర్రంచు కోక లేదు. వెనక చుట్టా ముందు చుట్టా చూశాను. అనుమానమొచ్చి ట్రంకు పెట్టెలో ఉన్నవన్నీ నాలుగు రోజులు కూర్చుని చూశాను. ఎక్కడా ఒక్క మనిషి సూటిగా నిలబడి లేడు. ‘నాకొకటి’లు మాత్రమే ఉన్నాయి, ‘మీకొకటి’లు లేవు.

“మావయ్యా, మీకొకటిలు ఎక్కడ దాచావు?”

ఆయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. పేపరు తలకిందులుగా ఉంది. నేను లాగేశాను. చివరికి కెమెరా గుండెల మీద పెట్టుకుని, తల వంచి, వేలు ఊరికే కదిపి, నాలుకతో అన్నాడు: “టక్.”

నాకు అర్థం కాలేదు. మళ్ళీ అన్నాడు. “టక్.”

“ఫిల్ము ఎంత పిరమో నీకేటి తెలుస్తాదే! పన్నెండే ఉండేవి. అందరికీ ఒకటి సొప్పున తీస్తే పేపరుకేటి పంపుతాను? ఈ కెమెరా సప్పుడు సీమ కుట్టినట్టుంటాది, ఎవలికీ ఇనబడదు. నోటితో గట్టిగా అంటేనే ఆలకి ఫొటో తీసినట్టుండేది. ఆల మొహంల సంతోషం సూడాల్సిందే,” అన్నాడు. చెబుతూ చెబుతూ ఆయనే తగ్గాడు.

నాకు నవ్వొచ్చింది, వెంటనే ఒళ్ళు మండింది. నేను వెయ్యిసార్లు విని మురిసిపోయిన కథ ఇది. నిలబడ్డవాళ్ళు ఎంతమంది ఉంటారో, పోస్టుమాన్ కోసం ఎన్నాళ్ళు చూసుంటారో ఆ క్షణం దాకా నేనూ ఆలోచించలేదు.

“ఆవిడకి ఏం చెప్పమంటావు?”

“తుఫానుల తడిసిపోయిందని సెప్పీ. కొన్ని తడిసినాయి గదా, నిజిమే.”

“నువ్వే చెప్పు. రేపు కారు మాట్లాడతాను.”

మావయ్య మోకాలు నొప్పన్నాడు, మంచిరోజు కాదన్నాడు, షాపు మూసేస్తే గిరాకీ పోతుందని నా వ్యాపారం మీద మొదటిసారి జాలిపడ్డాడు. నేను వినలేదు. తెల్లారేసరికి ఇస్త్రీ చొక్కాతో, మెడలో కెమెరాతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. కెమెరా ఎందుకని అడిగితే, అది లేకపోతే ఊళ్ళో తనని పోల్చుకోరన్నాడు.

ఇక్కడ ఆయన కంటి గురించి చెప్పాలి. రెండేళ్ళుగా కంటి మధ్యలో మచ్చ వచ్చింది. అంచులు కనబడతాయి, నడుమ కనబడదు. ఎదుటి మనిషిని చూస్తే చెవులూ జుట్టూ ఉంటాయి, మొహం ఉండాల్సిన చోట మరక ఉంటుంది. డాక్టరు ఇక బాగవ్వదన్నాడు. ఆయన పుట్టినరోజుకి నేను ఆన్‌లైన్లో ఒక ఫిల్ము చుట్ట తెప్పించి ఇస్తే, ఆరు నెలల్లో నాలుగంటే నాలుగు ఫొటోలు తీశాడు. తక్కినవి దాచుకున్నాడు. ఎందుకని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఆ పల్లెలో, ఫోను చేసిన పెద్దావిడది స్లాబు ఇల్లు, ముందు రేకుల పంచ. ఆవిడకి తలంతా నెరిసిపోయింది. మమ్మల్ని కుర్చీల్లో కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. గోడమీద మేకు ఒకటి అప్పుడే కొట్టినట్టుంది, చుట్టూ సున్నం రాలి ఉంది. ఆ మేకు నేను చూశాను, మావయ్య చూడలేకపోయాడు. అందుకు సంతోషించాను.

“ఫొటో తెచ్చినారా బాబూ?”

మావయ్య నావైపు తిరిగాడు. నేను మజ్జిగ తాగుతున్నాను. చాలాసేపు తాగాను.

“అమ్మా,” అన్నాడాయన, “తుఫానుల...” అని ఆగిపోయాడు. కెమెరా మూత రెండుసార్లు తెరిచి మూశాడు. “నేదమ్మా. తుఫానూ నేదు ఏటీ నేదు. నాను ఆ ఫొటో తీయనేదు. తీసినట్టు నోటితో సప్పుడు సేసినాను.”

ఆవిడ మెల్లగా అంది.

“అయితే నాను సూసింది నిజిమే.”

ఆ రోజు పెద్దవాళ్ళంతా కెమెరా వైపు చూస్తున్నారట. అమ్మ కోక కుచ్చిళ్ళు పట్టుకుని నిలబడ్డ అయిదేళ్ళ పిల్ల మాత్రం మావయ్య నోరు చూసింది. ఆయన వెళ్ళిపోయాక, “అమ్మా, ఆ బాబు నోటితోటి టక్కన్నాడే,” అని చెప్పింది. వాళ్ళమ్మ వీపుమీద ఒక్కటిచ్చిందట, పెద్దోళ్ళమీద అబద్ధాలాడతావా అని.

“మా అమ్మ నన్ను కొట్టినాది అదొక్కసారే బాబూ. పోయేముందు మంచంల కూడా అడిగినాది, పోస్టుబాబు వొచ్చినాడా అని. పెద్దయినాక అనుకునీదాన్ని, సిన్నగుంటని, నానే తప్పు సూసినానేమో, ఎక్కడో ఆ ఫొటో ఉన్నాదేమో అని. మొన్న ఫోన్ల మా సేను సూసినాక మరీ ఆశ పుట్టినాది.”

మావయ్య జీవితంలో ఎన్నో తుఫాన్లు చూశానంటాడు. ఆ పంచలో ఆయన మొహం చూస్తే అవన్నీ కిటికీలోంచి చూసినవే అనిపించింది.

“ఎలగుండీది మా అమ్మ? నువ్వు తలొంచుకుని సానాసేపు సూసినావు గదా.”

ఒక అందమైన అబద్ధం చెప్పొచ్చు. మౌన సంభాషణలు అల్లగలిగిన మనిషికి అదేమంత కష్టం కాదు. చెబుతాడేమోనని నాకు భయం కూడా వేసింది.

“గుర్తు నేదమ్మా,” అన్నాడు. “నానసలు సూడనేదు. సూసినట్టు తలొంచినానంతే.”

నాకు ఆయన మీద అప్పటిదాకా ఉన్న కోపం ఆ మాటతో పోయింది. ఆవిడకి పోయిందో లేదో తెలియదు. లేచి లోపలికి వెళ్ళింది. ఇక వెళ్ళమనేమో అనుకుని నేను కారు డ్రైవరుకి సైగ చేశాను. ఆవిడ తిరిగొచ్చేసరికి తల తడిచేత్తో దువ్వుకుని, మడతలు విప్పిన ఎర్రంచు చీర కట్టుకుని ఉంది. కొత్తదే, పెట్టె వాసన వస్తోంది.

“నాది మా అమ్మ పోలికేనంట. మా ఊల్లో ముసిలోల్లందరూ అనీవోరు. నన్ను తీయి బాబూ. ఈసారి నీ నోరు సూస్తాను.”

“నా కంటికి మొహం ఆనదమ్మా.”

“నా మొహం నానే కదలకుండా అట్టుకుంటాను గానీ నువ్వు తీయి.”

పంచ కిందికి దిగి, చేతులు కిందకి పెట్టి సూటిగా నిలబడింది. పాస్‌పోర్టు ఫొటో కోసం నేను నిలబెట్టేటట్టే. మావయ్య తల వంచాడు. కెమెరా కన్ను సరిచేశాడు, ముందుకెళ్ళాడు, వెనక్కొచ్చాడు. పెదాలు బిగించుకుని మీట నొక్కాడు. నిజంగానే చీమ కుట్టినంత చప్పుడు. తరవాత ఫిల్ము తిప్పే గుండీని అందరికీ కనబడేలా పక్కకి పెట్టి తిప్పాడు. ఆవిడ దాన్నే చూస్తోంది. మళ్ళీ తీశాడు, మళ్ళీ తిప్పాడు. ఆరు నెలలుగా దాచుకున్న ఎనిమిదీ ఆవిడ మీదే ఖర్చు పెట్టేశాడు. ఎందుకైనా మంచిదని నేనూ పక్కనుంచి ఫోన్లో ఒకటి తీసుకున్నాను.

ఇంటికొచ్చి ఫిల్ము కడిగాం. మందులు కలపడం నా వంతు. చీకట్లో ఫిల్ముని చక్రానికి ఎక్కించే పని మాత్రం ఆయన చేతులు వాటంతటవే చేసుకుపోయాయి. ఆరాక కంప్యూటర్లో పెట్టి చూశాను. ఎనిమిదీ మసకే. వెనకాల ప్రహరీ గోడ ఇటుకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు, ముందున్న మనిషి మాత్రం ఆవిరి పట్టిన అద్దంలో ఉన్నట్టుంది. ముడతలు లేవు, నెరిసిన జుట్టు వెలుగులో కలిసిపోయింది, కళ్ళ చోట రెండు నీడలున్నాయి.

“ఎలగొచ్చినాయే?” అన్నాడు.

ఆయనతో నేను అబద్ధం ఆడలేదు. కొప్పులో వెంట్రుకలు లెక్కపెట్టించిన మనిషి తల పట్టుకుని కూర్చున్నాడు. “నువ్వు ఫోన్ల తీసింది అచ్చు కొట్టి ఇచ్చీ. నాది సింపీ,” అన్నాడు. నేను చింపలేదు. రెండూ అచ్చు తీశాను. ఫోనుది రంగుల్లో, ముడత ముడతా కనబడుతోంది. నా పాస్‌పోర్టు సైజు మొహాల్లో అది మేలైనదే.

మర్నాడు మళ్ళీ వెళ్ళాం. మావయ్య కారు దిగలేదు. కిటికీ అద్దం ఎత్తేసుకుని, నిద్రపోతున్నట్టు నటించాడు. నేను లోపలికి వెళ్ళి ముందు నా ఫొటో ఇచ్చాను.

“ఇది నానే,” అని బల్లమీద పెట్టేసింది.

రెండోది ఇస్తూ, “ఇది సరిగ్గా రాలేదమ్మా, ఆయన కళ్ళు...” అని ఏదో చెప్పబోయాను. ఆవిడ వినలేదు. గుమ్మంలో వెలుతురుకి తీసుకెళ్ళి పట్టుకుంది. దాన్నే చూస్తూ అంది.

“నాకు మా అమ్మ మొహం ఇలగే గుర్తు పాపా. సరిగ్గా ఇంతే గుర్తు.”

కొంగుతో కళ్ళు తుడుచుకుని, నేను చూస్తుండగానే ఫొటోతో కారు దగ్గరికి నడిచింది. అద్దంమీద వేలితో కొట్టింది. మావయ్య అద్దం దించాడు.

“షేకయిపోయిందమ్మా,” అన్నాడు తల దించుకుని. “మొహం సరిగా పడనేదు.”

“మా అమ్మ కుదురుగా నిలబడీ రకమేటి బాబూ,” అంది ఆవిడ. కిటికీలోంచి వంగి, ఫొటో ఆయన ఒళ్ళో పెట్టింది. “ఇప్పుడే మా అమ్మకి సెప్పినాను. అమ్మా, ఆవేళ నాను తప్పు సూసినాను, నువ్వు కొట్టింది మంచిదే, ఆ బాబు తీసినాడు, అని.”

మావయ్య ఫొటోని కళ్ళకి ఆనించుకున్నంత దగ్గరగా పట్టుకుని, పక్కకి పెట్టి, మళ్ళీ దగ్గరగా పట్టుకున్నాడు. తరవాత జేబులోంచి పెన్ను తీసి, ఆవిడని వాళ్ళమ్మ పేరు అడిగాడు. ఒక్కొక్క అక్షరమే చెప్పించుకుని, ఫొటో వెనక పెద్ద పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చాడు.